అదే పేగు, మూడు రేట్లు



మా తమ్మునికి రాత్రి పదింటికి పొత్తికడుపులో కుడిపక్క నొప్పి లేచింది. ఊళ్లో 24 గంటల కడుపునొప్పి అంటారే, అదే. అపెండిక్స్. మా టౌన్‌లో ప్రైవేటు దవాఖాన 40 వేలు అడిగింది. జిల్లా కేంద్రంలో 65 వేలు. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే లక్షా 20 వేలు, రూమును బట్టి ఇంకా పెరుగుతదట. కోసి తీసేది మాత్రం అదే వేలెడు పేగు.

బేరమాడుకోండని చెప్పే మార్కెట్ మేధావులారా, అప్పటిదాకా పేగు ఆగుతదా? పగిలితే చీము కడుపంతా పాకుతది, ప్రాణం పోతది. భూమి ఉన్నోడు ఎకరం తాకట్టు పెడతడు. తరతరాలుగా భూమి దక్కనివ్వని మా వాడలో అమ్మ పుస్తెలే తాకట్టు.

చివరికి జిల్లా సర్కారు దవాఖానలో ఆపరేషన్ అయింది. రూపాయి తీసుకోలేదు. కానీ రాత్రి మత్తు డాక్టర్ లేడని తెల్లారేదాకా ఆపారు. ఆ రాత్రిని నేను మర్చిపోను.

2012 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనల ప్రకారం రేట్ల బోర్డు అందరికీ కనబడేచోట, స్థానిక భాషలో కూడా పెట్టాలి. తెలంగాణ ఆ చట్టాన్ని స్వీకరించింది. మేం ఎక్కిన రెండు ప్రైవేటు గడపల్లో ఒక్క బోర్డూ లేదు.

డిమాండ్లు రెండే. ప్రైవేటు దవాఖాన గోడమీద తెలుగులో రేటు. సర్కారు దవాఖానలో రాత్రిపూట సర్జన్, మత్తు డాక్టర్. మేం దయ అడగట్లేదు, 21వ అధికరణం ఇచ్చిన బతికే హక్కు అడుగుతున్నాం.

జై భీమ్.