సిగ్గుపడాల్సింది మా పిల్లా? మనమా?

మొన్న ఏప్రిల్ 14న మా పల్లెలో అంబేద్కర్ జయంతి జరిపాం. మైకు పట్టుకున్న అన్న ఒకాయన పెద్దోళ్ళ గుమ్మాల చుట్టూ తిరిగే మనోళ్ళను "వెన్నెముక లేని దళారుల్లారా" అని దులిపేశాడు. జనం చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. వెనక వరసలో కూర్చున్న మా పదిహేనేళ్ళ కూతురు లేచి ఇంటికెళ్ళిపోయింది. రాత్రి అన్నం దగ్గర ఒకే మాట అంది: "నా వెన్నులో రెండు రాడ్లున్నయ్ నాన్నా. మీకు తిట్టడానికి వెన్నెముకే దొరికిందా?"

మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

మా పిల్లకు వెన్ను పక్కకు వంగి మెలిదిరిగింది. డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు. పన్నెండేళ్ళప్పుడే గౌను అంచు ఒక పక్క కిందికి జారేది. ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం. మేమేం చేశాం? "నిటారుగా నిలబడవే" అని కసిరాం. ఇంట్లో ఒకరిది పంతులుద్యోగం, ఒకరిది మిషను కుట్టుడు. నలభై మంది పిల్లల్ని రోజూ చూసే కన్ను సొంత బిడ్డ వీపు చూడలేకపోయింది. పధ్నాలుగో ఏట ఎక్సురే తీస్తే వంపు 58 డిగ్రీలు. ఆపరేషను తప్ప దారి లేదన్నారు.

ఇరుగుపొరుగు తలా ఒక మాట అన్నారు. బిందెలు మోయించి వంచారని ఒకరు. బడిసంచి బరువని ఒకరు. గ్రహణం నాడు తల్లి నిద్రపోయిందని ఒకరు. పూర్వజన్మ పాపమని గుడి పూజారి. అన్నీ అబద్ధాలే. ఎదిగే వయసులో వచ్చే ఈ వంపుకు చాలామందిలో ఇదీ కారణమని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. బరువు మోస్తే రాదు, వంగి కూర్చుంటే రాదు. తల్లి తప్పు అసలే లేదు. పాపం, కర్మ అనే మాటలు మనకు కొత్తా? అంటరానితనానికి ఏ పూర్వజన్మను చూపించారో పిల్ల వెన్నుకూ అదే చూపిస్తున్నారు. రామాయణంలో కొంప కూల్చే దాసి ఎవరు? గూని మంథర. కింది పనిమనిషిని, వంగిన వీపును ఒక్క బొమ్మలో పెట్టి చెడ్డదని ఊరూరా చెప్పారు. ఆ కథ విని పెరిగిన నోళ్ళే బడిలో మా పిల్లను "గూనిదానా" అన్నాయి. అన్నవాళ్ళలో మన పల్లె పిల్లలూ ఉన్నారు. అదీ చెప్పుకోవాలి.

ఇక ఆసుపత్రి సంగతి. పేరు రాయం. అలాంటివి పట్నంలో చాలా ఉన్నాయి. ఉద్యోగుల హెల్త్ కార్డు ఉంది కాబట్టి లోపలికి రానిచ్చారు. సంతకం పెట్టమని ఇంగ్లీషు కాగితాలు ఇచ్చారు. మా వంశంలో డిగ్రీ దాకా చదివిన మొదటి తరం మాదే. అయినా ఆ అక్షరాలు సగమే అర్థమయ్యాయి. చీము పట్టొచ్చు, స్క్రూ సడలొచ్చు, నరం దెబ్బతినొచ్చు అని ఆ కాగితంలో ఉంది. నోటితో మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్లనైతే ఒక్క మాట అడగలేదు. కోసేది ఆమె ఒళ్ళు!

ఇంటికొచ్చిన మూడో వారం జ్వరం. కుట్ల పక్కన ఎర్రబడి తడి కారింది. ఫోను చేస్తే "మామూలే, రివ్యూకు రండి" అన్నారు. ఊళ్ళో ఆరెంపీ వారం రోజులు సూదులేశాడు. తీసుకెళ్ళేసరికి లోపలంతా చీము. మళ్ళీ కోసి కడిగారు. పది రోజులకు ఇంకోసారి కడిగారు. నెలల తరబడి మందులు. ఎడమ పాదం ఇప్పటికీ మొద్దుబారే ఉంది. పక్క తిప్పాలంటే ఇద్దరం చేరి దుంగను దొర్లించినట్టు మొత్తంగా తిప్పాలి. అమ్మ చేత నీళ్ళు పోయించుకోవడం పదిహేనేళ్ళ పిల్లకు ఎంత అవమానం! అద్దం బోర్లించి పెట్టుకుంది. మాతో మాట్లాడటం మానేసింది. ఆమె కోపం మామీద కాదని తెలుసుకోవడానికి మాకు నెలలు పట్టింది.

వార్డులో పక్కమంచం తల్లి కూలి మనిషి. ఆమె కొడుక్కీ ఇదే ఆపరేషను. అదే కాగితం మీద ఆమె వేలిముద్ర వేసింది. గాయం మానక మళ్ళీ వస్తే "ప్యాకేజీ అయిపోయింది, మందులు బయట కొనుక్కో" అన్నారు. రెండు బర్రెల్ని అమ్మింది. నెలన్నర కూలి పోయింది. ఇంకో రోగి తాలూకు ఆవిడ మమ్మల్ని "మీరేమిట్లు?" అని అడిగి, చెప్పాక గ్లాసు పక్కకు జరుపుకుంది. చేతిలో జీతం కార్డు ఉన్న మాకే ఇన్ని తిప్పలైతే, ఆ తల్లికి ఎన్ని?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2019లో మళ్ళీ ఆరోగ్యశ్రీ. 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. బోర్డులు ఎన్నిసార్లయినా మారతాయి. కోసి పంపించాక చీము పట్టిన పిల్లను ఎవరు చూస్తారు, ఛార్జీలెవరు పెడతారు, పోయిన కూలి ఎవరిస్తారు అంటే మాత్రం జవాబు మారదు. నిజానికి కోతదాకా రాకుండా చూడొచ్చు. వంపు 25 నుంచి 40 డిగ్రీల్లో ఉండి, పిల్ల ఇంకా ఎదుగుతుంటే, నడుముకు గట్టి బెల్టు కడితే చాలామందిలో ఆగుతుంది. 2013లో అచ్చయిన అమెరికా, కెనడా ఆసుపత్రుల పరిశోధనలో బెల్టు కట్టిన పిల్లల్లో నూటికి 72 మందికి వంపు ఆపరేషను దాకా పోలేదు. కట్టనివాళ్ళలో 48 మందికే అలా ఆగింది. కానీ ముందు ఎవరో ఒకరు చూడాలి కదా! అదే 2013లో మన దేశంలో పెట్టిన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సర్కారు బడికి ఏడాదికోసారి డాక్టర్ల జట్టు రావాలి. కార్యక్రమం పెట్టినప్పుడు అచ్చేసిన 30 జబ్బుల పట్టీలో మాత్రం వెన్ను వంకర పేరు లేదు.

బడి ఏమంది? "ఇంటి దగ్గరే ఉంచండి, హాజరు లెక్క పాడవుతుంది." అన్నది మా తోటి పంతుళ్ళే! 2016 వికలాంగుల హక్కుల చట్టం పిల్లకు తగిన వసతి బడే కల్పించాలంటోంది. కుర్చీ లేని మరుగుదొడ్డి, వీపు ఆనని బల్ల, మేడమీద తరగతి, ఇవి పెట్టుకుని పిల్లదే లోపమంటే ఒప్పుకుంటామా?

ఇప్పుడు మన సంఘం సంగతి. దాడి జరిగితే వంద మందిమి కదులుతాం. మంచాన పడ్డ పిల్ల ఇంటికి ఎంతమందిమి వెళ్ళాం? ఆసుపత్రి మెట్ల మీద రాత్రిళ్ళు కూర్చున్న తల్లి ఒంటరిదైతే మన ఉద్యమం ఎవరికి? వంగిన వెన్ను బానిసత్వానికి గుర్తని మైకులో ఇంకెన్నాళ్ళు అరుద్దాం? బాబాసాహెబ్ నేర్పిన ఆత్మగౌరవం వీపు కొలతను బట్టి రాదు.

అన్నలారా, అక్కలారా, ఈ పనులు చేద్దాం.

పది నుంచి పదహారేళ్ళ పిల్లల వీపు ఇంట్లో తల్లి చూడాలి. రెండు చేతులు జోడించి ముందుకు వంగమనండి. ఒక పక్క పక్కటెముకలు ఎత్తుగా లేస్తే ఎక్సురే తీయించండి. మంత్రాలకు, మాలీషులకు కాలం పోనివ్వొద్దు.

ఆపరేషను అయిన పిల్లకు జ్వరం, గాయంలో తడి, కాళ్ళ తిమ్మిరి వస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి కదలాలి. ఒంటికి, రెంటికి పట్టు తప్పితే గంట కూడా ఆగొద్దు. ఆ తల్లి వెంట సంఘం మనిషి ఒకరుండాలి.

ఒప్పుకోలు కాగితం తెలుగులో ఇవ్వాలని, పిల్లకు కూడా చదివి చెప్పాలని, ఆపరేషను తర్వాత వచ్చే ప్రతి ఇబ్బందికీ ఖర్చు సర్కారే పెట్టాలని, బడి తనిఖీలో వెన్ను పరీక్ష చేర్చాలని మండలాఫీసు ముందు కూర్చుందాం.

ఇంకొకటి. గూని, కుంటి, గుడ్డి అని తిట్టే అలవాటు మన సభల్లోంచే ముందు పోవాలి.

ఈ వ్యాసం మా పిల్లకు చదివి వినిపించాకే పంపుతున్నాం. రెండు చోట్ల కొట్టేయమంది, కొట్టేశాం. పేరు వద్దంది, రాయలేదు. వచ్చే మీటింగుకు వస్తావా అంటే, "ఆనుకునే కుర్చీ వేస్తే వస్తా" అంది.

కుర్చీ వేద్దాం.

జై భీమ్!