గింజలకు దక్కని గౌరవం

అమెరికాలో అక్టోబరు చివర హాలోవీన్‌తో మొదలై, థాంక్స్‌గివింగ్ మీదుగా క్రిస్మస్ దాకా సాగే రోజుల్ని బేకింగ్ ఋతువు అనవచ్చు. వెన్న, పంచదార, మైదా వంటింటిని ఏలుతుంటాయి. ఆ ఋతువు గుమ్మంలో దీపం పెట్టుకుని కూర్చునేది గుమ్మడికాయ. దాని కడుపు తొలిచి, పీచుతోపాటు గింజల్నీ చెత్తబుట్టలో వేసి, ఆ వారమే అవే గింజల్ని 'ఆరోగ్యకరమైన చిరుతిండి' అన్న అచ్చుతో పొట్లాల్లో కొనుక్కు రావడం నాకు వింతగా తోస్తుంది.

చరిత్ర చూస్తే ఈ తృణీకారం మరీ అన్యాయం. మెక్సికోలోని వహాకా ప్రాంతంలో, గిలా నకిట్జ్ గుహలో దొరికిన గుమ్మడి గింజలు సుమారు 10,000 ఏళ్ళనాటి సాగుకు ఆనవాళ్ళని బ్రూస్ స్మిత్ అనే పురాతత్వవేత్త 1997లో వెల్లడించాడు. అడవి గుమ్మడి కండ చేదు. కనుక మనిషి దాన్ని మొదట చేరదీసింది గింజల కోసమే అయివుంటుందని పండితుల ఊహ. మెక్సికోలో నేటికీ 'పెపీటా'లకు వంటలో పెద్దపీటే.

అయితే ఆరోగ్యం పేరిట జరిగే భజన కూడా నాకు రుచించదు. పైపొట్టు తీసిన పప్పు 28 గ్రాములు తింటే దాదాపు 160 కేలరీలు, 8 గ్రాముల మాంసకృత్తులు, 150 మిల్లీగ్రాముల మెగ్నీషియం అందుతాయి. పోషకాలు నిజమే, కేలరీలూ నిజమే. గుప్పెళ్ళకొద్దీ బుక్కితే కుకీలు మానిన ఫలం దక్కదు. నా దృష్టిలో పొట్టుతో వేయించిన గింజ గొప్పతనం వేరు: అది తొందరపడనివ్వదు. కుకీ నోట్లో కరిగేలోగా చెయ్యి రెండోదాని మీదికి పోతుంది. గింజను మాత్రం ఒక్కొక్కటిగా, తీరికగా నమలవలసిందే. తీపితో మొహం మొత్తిన నాలుకకు ఆ ఉప్పదనం ఒక విరామం.

ఇందుకు పెద్ద శ్రమ లేదు. కాయ కోసిన రోజే గింజల్ని నీళ్ళలో పిసికితే పీచు విడిపోతుంది. ఉప్పునీటిలో పది నిమిషాలు ఉడికించి, బాగా తడి ఆర్చి, కాస్త నూనె, మిరియాలపొడి పట్టించి, పళ్ళెంలో పలచగా పరచాలి. కుకీల కోసం 350 డిగ్రీల ఫారన్‌హీట్‌కు వేడెక్కిన అవెన్ ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. మధ్యలో ఒకసారి కలిపితే పదిహేను, ఇరవై నిమిషాల్లో కరకరలాడతాయి.

చింతపిక్కలూ, పనసపిక్కలూ వేయించుకు తిన్న తెలుగువారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కానీ అక్కడ స్థిరపడిన మనవాళ్ళూ పొట్లాన్నే నమ్ముతున్నారు. ఆహారానికి గౌరవం దాని గుణాన్ని బట్టి కాక, దాని మీది అచ్చును బట్టి దక్కడమే నాకు బాధ కలిగించే విషయం. ఈసారి గుమ్మడికాయ కోసేటప్పుడు పక్కన ఒక గిన్నె పెట్టుకోండి. అంతకన్న పెద్ద కోరికేమీ లేదు నాకు.