వల కోసినవాడికి మనం బాకీ

2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరంలో ఒక వేల్ షార్క్ మత్స్యకారుల వలలో చిక్కి ఒడ్డుకు వచ్చింది. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అది. బరువు రెండు టన్నులు ఉంటుందని అప్పట్లో వార్తలొచ్చాయి. అటవీ శాఖ సిబ్బంది, వన్యప్రాణి కార్యకర్తలు, ఊళ్లోని గంగపుత్రులు కలిసి దాన్ని మళ్లీ లోతు నీళ్లలోకి మళ్లించారు. అది బతికి వెళ్లిపోయింది. పేపర్లలో ఫొటోలు పడ్డాయి, అందరం మెచ్చుకున్నాం, నాలుగు రోజుల్లో మరిచిపోయాం. ఇలాంటి రోజున వేట పోగొట్టుకున్న ఇంటి సంగతి, చిరిగిన వల సంగతి మాత్రం మన మాటల్లోకి పెద్దగా రావు. ఈ వారం ఆ సంగతే రాయాలనిపించింది.

వేల్ షార్క్ ఎవరి జోలికీ పోదు. పెద్ద నోరు తెరుచుకుని ఈదుతూ, నీటిని వడగట్టి, కంటికి ఆనని జీవుల్నీ చిన్న చేపల్నీ తిని బతుకుతుంది. దాని వీపు మీద తెల్లటి చుక్కలుంటాయి. ఒకదాని చుక్కల అమరిక ఇంకొకదానికి ఉండదు కాబట్టి శాస్త్రవేత్తలు ఆ ఫొటోలు చూసే ఏది ఏదో చెప్పగలరు. ఆఫ్రికాలో కొండ గొరిల్లాలను కూడా ఇలాగే ముక్కు మీది ముడతలను బట్టి గుర్తుపడతారు. రెండూ భారీ జీవులే, రెండూ సాధువులే. రెండింటినీ మనిషి ముందు భూతాలుగా చూశాడు, తర్వాత వేటాడాడు, చివరికి కాపాడుకోవాలని బయలుదేరాడు. ఆ చివరి పనిలో ఆఫ్రికా మనకన్నా చాలా ముందుంది.

రువాండా, ఉగాండా, కాంగో దేశాలు కలిసేచోట విరుంగా అగ్నిపర్వతాల అడవులున్నాయి. 1980ల మొదట్లో ఆ అడవుల్లో మిగిలిన కొండ గొరిల్లాలు దాదాపు 250. వాటి కోసం 1967లో కరిసోకె పరిశోధన కేంద్రం పెట్టిన డయాన్ ఫాసీ 1985 డిసెంబరులో అక్కడే హత్యకు గురైంది. ఇవాళ విరుంగాలోనూ, ఉగాండాలోని బ్విండి అడవిలోనూ కలిపి వెయ్యికి పైగా గొరిల్లాలున్నాయి. అంతరించే ప్రమాదం మరీ తీవ్రంగా ఉన్న జీవుల జాబితా నుంచి 2018లో వాటిని ఒక మెట్టు కిందికి దించారు. తుపాకులు పట్టిన కాపలాదారులు, అడవిలోకే వెళ్లి వైద్యం చేసే పశువైద్యులు అందుకు ఒక కారణం. అడవి అంచు ఊళ్లకు ఆదాయంలో వాటా దక్కడం ఇంకో కారణం. గొరిల్లాల దగ్గర ఒక్క గంట గడపడానికి రువాండా విదేశీయుల దగ్గర 1500 డాలర్లు తీసుకుంటుంది. పార్కుల పర్యాటక రాబడిలో పదో వంతు చుట్టుపక్కల ఊళ్లలో బళ్లకూ, ఆస్పత్రులకూ, మంచినీళ్లకూ వెళుతుంది. గొరిల్లా బతికుంటేనే ఊరికి మేలని ఆ జనానికి ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు.

ఆ విజయం మీద ఒక మచ్చ కూడా ఉంది. తరతరాలుగా ఆ అడవుల్లోనే బతికిన బట్వా తెగవాళ్లను 1991లో ఉగాండాలో పార్కుల పేరిట బయటికి వెళ్లగొట్టారు. సెంటు భూమి లేకుండా వాళ్లు కూలీలయ్యారు. జంతువును కాపాడే ఖర్చంతా దాని పక్కన బతికే పేదవాడి నెత్తిన వేస్తే అది అన్యాయం. మన తీరంలో ఆ అన్యాయం జరగకూడదు.

మన దేశంలోనే గుజరాత్ ఒక దారి చూపింది. ఒకప్పుడు వేరావల్ ప్రాంతంలో కాలేయం నూనె కోసం, మాంసం కోసం వేల్ షార్కులను చంపేవారు. 2001లో కేంద్రం వాటిని వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. చట్టం ఒక్కటే సరిపోలేదు. 2004లో మొదలైన ప్రచారంలో రామకథా ప్రవచనకర్త మొరారి బాపు ఆ చేపను కాన్పుకు పుట్టింటికి వచ్చే ఆడబిడ్డతో పోల్చి చెప్పారు. ఆ మాట జాలర్ల మనసుకు తాకింది. చేపను వదిలేందుకు జాలర్లు కోసిన వలకు అటవీ శాఖ పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. చేపను వదిలేటప్పుడు తీసిన ఫొటోలే సాక్ష్యం. అప్పటి నుంచి వందల వేల్ షార్కులను అక్కడి మత్స్యకారులే వదిలిపెట్టారు. మంచి మాటా, చేతిలో డబ్బూ రెండూ కలిస్తేనే ఆ పని జరిగింది.

వల అంటే ఏమిటో తెలియాలంటే ఒక మధ్యాహ్నం విశాఖలోని పెదజాలరిపేట ఇసుకలో కూర్చోవాలి. కాలి బొటనవేలికి వల తగిలించి బిగించి పట్టుకుని, నైలాన్ దారం చుట్టిన సూదితో ఒక్కో కన్నూ అల్లుతుంటారు. పైన బెండ్లు, కింద సీసం గుళ్లు, మధ్యలో వేల ముడులు. పెద్ద వల ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఆ డబ్బు చాలాసార్లు చేపల షావుకారు ఇచ్చిన అప్పు. పట్టిన చేప ఆయనకే పోసి తీర్చాలి. అలాంటి వలలో టన్నుల జీవి పడితే ఆలోచించుకోవడానికి నిమిషాలే ఉంటాయి. నీళ్లు తగ్గితే దాని బరువే దాన్ని చంపేస్తుంది. ఆ నిమిషాల్లో కత్తి తీసి సొంత వల కోసేవాడు మన అందరి తరఫున కోస్తున్నాడు.

వల పాడైతే పరిహారం ఇస్తామని తంతడి ఘటనప్పుడు అటవీ శాఖ చెప్పింది. మంచిమాట. అయితే ఆ మాట భీమిలి నుంచి పూడిమడక దాకా ప్రతి పల్లెకూ తెలిసిన హక్కు కావాలి. కబురు చెప్పినవాడు విచారణల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తే, ఈసారి చెప్పడం మానేస్తాడు. మొదటి షెడ్యూల్ జీవిని చంపితే మూడేళ్లకు తగ్గని జైలు అని తెలిసినవాడు, భయంతో చచ్చిన చేపను చడీచప్పుడు లేకుండా సముద్రంలోనే వదిలేస్తాడు. భయం వల్ల ఏ చేపా బతకదు.

డబ్బు ఇచ్చే దారి కొత్తగా వేయనక్కర్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు భృతిగా 2025లో రాష్ట్రం ఒక్కో కుటుంబానికి 20 వేల రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేసింది. పడవల లెక్క, కుటుంబాల జాబితా, ఖాతాల నంబర్లు మత్స్య శాఖ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. అటవీ శాఖ ఫొటో చూసి సరే అంటే, మత్స్య శాఖ ఆ ఖాతాలోనే వారంలోగా వల ఖరీదు వేయవచ్చు. ఆ రోజు పోయిన వేటకు కూలి కూడా కలపాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం వల కోసినా ఇదే లెక్క వర్తించాలి.

విశాఖ నగరం సముద్రం వల్లే పెరిగింది. గంగవరం ఓడరేవు వచ్చినప్పుడు దిబ్బపాలెం, గంగవరం మత్స్యకారులు తాతల నాటి తీరాన్ని వదులుకున్నారు. అభివృద్ధి కోసం ఒకసారి ఇచ్చినవాళ్లను, ప్రకృతి కోసం మళ్లీ ఊరికే ఇమ్మని అడిగే ముఖం మనకు లేదు. వచ్చే జూన్ 15న పడవలు మళ్లీ వేటకు కదిలేలోగా ఈ పరిహారానికి ఉత్తర్వు రావాలి. విశాఖ జిల్లా, అనకాపల్లి జిల్లా ఎమ్మెల్యేలు, ఎంపీలు దాన్ని అడిగి తేవాలి. వాళ్లను అడగవలసింది మనం.