నోరులేని జీవానికి 42 పళ్ళు

కుక్కను చూసి "నోరులేని జీవం" అని జాలిపడుతూ ఉంటాం. నిజానికి దానికి నోరుంది. ఆ నోట్లో మనకంటే పది పళ్ళు ఎక్కువే ఉన్నాయి. మనకు 32 అయితే దానికి 42. లేనిదల్లా, "పన్ను సలుపుతోంది" అని చెప్పుకునే మాట ఒక్కటే.

"కుక్కకు పండ్లు తోమేది యాడన్నా ఉందా నాయనా!" అని కర్నూలు, కడప వైపు పెద్దవాళ్ళు నవ్వుతారు. వారి మాటా కాదనలేం. వీధికుక్కకు ఎవరు తోమారు గనుక? కాని వీధికుక్కల్లో ముసలితనం దాకా బతికేవి తక్కువ. ఇంట్లో పెరిగే కుక్క పన్నెండు, పద్నాలుగేళ్ళు బతుకుతుంది. అన్నేళ్ళూ ఆ పళ్ళే దానికి దిక్కు.

పన్ను గట్టిదే, సందేహం లేదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు 1884లో తవ్వకాలు జరిపినప్పుడు, ఏనాటివో జంతువుల ఎముకలూ పళ్ళూ బయటపడ్డాయి. మట్టిలో వేల ఏళ్ళు నిలిచే పన్ను మన వరండాలో ఏడెనిమిదేళ్ళకే ఎందుకు ఊడుతుంది? చాలాసార్లు ముందు చెడేది పన్ను కాదు, దాన్ని పట్టి ఉంచే చిగుళ్ళు. పళ్ళమీద సూక్ష్మజీవులతో నిండిన పాచి పేరుకుంటుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే అది లాలాజలంలోని లవణాలతో కలిసి గట్టిపడి గార కడుతుంది. ఆ పాచీ గారా చిగుళ్ళ కిందికి దిగితే వాపు, చీము, ఆపైన లోపలి ఎముక కూడా కరిగిపోవడం. మూడేళ్ళు నిండేసరికే చాలా కుక్కల్లో ఈ జబ్బు మొదలవుతుందని పశువైద్యులు చెబుతారు.

చూసుకోవడానికి మన ఎండాకాలమే ఒక సాయం. మధ్యాహ్నం వేపచెట్టు నీడన నాలుక చాచి రొప్పుతున్నప్పుడు ఒక్కసారి దాని నోటివైపు చూడండి. చిగుళ్ళ అంచున ఎర్రగీత, వెనక పళ్ళమీద పసుపుపచ్చ గార కనిపిస్తాయేమో! నోరు కంపు కొట్టడం, ఒక పక్కనే నమలడం, సంగటి ముద్ద నోట పెట్టి వదిలేయడం కూడా గుర్తులే. "వయసు మీదపడింది, అందుకే తినడంలేదు" అని సరిపెట్టుకోకండి.

ఇక తోమే పద్ధతి. మొదటిరోజే బ్రష్షు పట్టుకుని మీదపడవద్దు. నాలుగైదు రోజులు ఊరికే పెదవి ఎత్తి చూసి, మెచ్చుకుని వదిలేయండి. తరువాత వేలికి తడిగుడ్డ చుట్టి రుద్దండి. అలవాటయ్యాక చిన్నపిల్లల మెత్తని బ్రష్షు చాలు. చిగురూ పన్నూ కలిసే చోట ఏటవాలుగా ఆనించి, బయటివైపు మాత్రం మెల్లగా తోమండి. పైవరస వెనక పళ్ళను మరిచిపోకండి, గార ఎక్కువగా పట్టేది అక్కడే. మొత్తం ఒక నిముషం పని. రోజూ అయితే శ్రేష్ఠం.

మన పేస్టు మాత్రం దానికి వద్దు. పుక్కిలించి ఉమ్మడం కుక్కకు రాదు, అంతా మింగేస్తుంది. కొన్ని పేస్టుల్లో తీపికోసం వేసే జైలిటాల్ కుక్కకు విషం. రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయం చెడుతుంది. ఉప్పు, బూడిద, బొగ్గుపొడి కూడా పనికిరావు. కుక్కలకోసం చేసిన పేస్టు దొరికితే సరే, లేకపోతే ఉత్త నీళ్ళే మేలు. వేపపుల్ల మనకు మంచిదే కాని, దాని పీచు కుక్క చిగుళ్ళలో గుచ్చుకోవచ్చు. ఎముక వేస్తే పళ్ళు వాటంతట అవే శుభ్రపడతాయన్న నమ్మకంతో ఉన్న పళ్ళు విరగ్గొట్టుకున్న కుక్కలు ఎన్నో.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి. రేబిస్ టీకా వేయించని కుక్క నోట్లో వేలు పెట్టకండి. కుక్క ఉన్నట్టుండి చొంగ కారుస్తూ, దవడ వేలాడేసి, మింగలేకపోతుంటే "గొంతులో ఎముక ఇరుక్కుంది కాబోలు" అని చెయ్యి పెట్టడం ప్రాణాలమీదికి వస్తుంది. అది రేబిస్ కావచ్చు. కరిచినా, గీరుకున్న చోట చొంగ తగిలినా, సబ్బుతో పదిహేను నిముషాలు ధారగా కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇప్పటికే గార కట్టి ఉంటే బ్రష్షుతో పోదు, గోటితోనో కత్తితోనో గీకకండి. మత్తు ఇచ్చి, చిగుళ్ళ కింద కూడా శుభ్రం చేయడం పశువైద్యుని పని. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది. ఒకసారి అక్కడ చూపించి, మర్నాటినుంచి ఇంట్లో ఆ ఒక్క నిముషం కేటాయించండి. ముసలితనంలో కూడా అది తన ముద్ద తాను హాయిగా నమిలి తింటుంది.