గొంతు వొకరిది, పట్టా వొకరికి

మేడారం జాతరలో కంటికన్న చెవికే పని ఎక్కువ. వొకప్పుడు వరంగల్లు జిల్లాలోనూ యిప్పుడు ములుగు జిల్లాలోనూ వున్న ఆ అడవి పల్లెకు రెండేళ్ళకోసారి, మాఘమాసంలో 4 రోజులపాటు, లక్షలాది జనం వస్తారు. డప్పులు, శివసత్తుల కేకలు, తప్పిపోయినవాళ్ళ పేర్లు పిలిచే మైకులు! అంత హోరులోనూ తల్లి తన బిడ్డ గొంతు యిట్టే పోల్చుకుంటుంది. ఆ విద్య యంత్రానికి నేర్పడమంటే మాటలు కాదు.

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు సరిగ్గా యీ విషయం మీదనే పరిశోధన చేసి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. కంప్యూటరు శాస్త్రానికి నోబెలు వంటిదనే ట్యూరింగ్ బహుమానం 1994లో మరొకరితో కలిసి అందుకున్నారు. యీనాడు మన సెల్‌ఫోను తెలుగు మాట విని అక్షరాల్లో పెడుతున్నదంటే అటువంటివారి చలవే.

మొన్న నా పాత విద్యార్థి వొకడు వచ్చాడు. కంప్యూటర్లలో పిహెచ్.డి. చేస్తున్నాడు.

"కోయభాష వినగలిగే యంత్రం తయారుచేద్దామనుకుంటున్నాను సార్. మేడారంలోనే మొదలుపెడతాను" అన్నాడు.

"తెలుగు పంతుల్ని, నాతో ఏం పని?" అన్నాను.

కోయమాటలు తెలుగు లిపిలో రాసుకోవడానికి సలహా కావాలట. గంటలకొద్దీ మాటలు రికార్డుచేసి, ప్రతి పలుకు పక్కన దాని రాత పెట్టి చూపిస్తే గాని యంత్రానికి చదువు రాదు. తెలుగుకయితే పుస్తకాలూ పత్రికలూ కుప్పలు. కోయభాషను తల్లిభాషగా 2011 జనాభా లెక్కల్లో 4 లక్షలకు పైగా మంది చెప్పుకున్నా, అది ఎక్కువగా నోటిమీదనే బతుకుతున్నది. పెద్దవాళ్ళ ముందు కూర్చోక తప్పదు.

"మరి అచ్చు సంగతో?" అన్నాను.

పరిశోధకుడు సిద్ధాంతవ్యాసం యిచ్చేముందు వొక్క వ్యాసమైనా ప్రచురించి తీరాలని యు.జి.సి. పెట్టిన నిబంధన 2022లో తీసేశారు. జ్వరం మాత్రం తగ్గలేదు. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలున్నాయి. వాటి జోలికి పోవద్దనీ, ఆలస్యమైనా తెలిసినవాళ్ళు పరీక్షించి తప్పులు పట్టే పత్రికకే పంపమనీ చెప్పాను. తర్వాత గ్రంథం "శోధ్‌గంగ"లో చేరితే ప్రపంచమంతా చదువుకోవచ్చును.

అయితే గొంతు యిచ్చిన ముసలమ్మ మాటేమిటి? ఆమె ఆ యింగ్లీషు గ్రంథం చదవదు కదా!

"ముందు ఆమెకూ, ఆమె మనవలకూ వినిపించు. వొక ప్రతి వాళ్ళ బడిలో వుంచు. వద్దన్నమాట చెరిపెయ్యి" అన్నాను. చిలకలగుట్టనుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు పూజారులు చేసే పూజ పరులు చూడరాదు. అటువంటి మరుగు మాటలకూ వుంటుంది.

వాడు నొచ్చుకున్నాడు. "రేపు ఆ పెద్దలు లేకపోతే మాటలూ పోతాయి కదా సార్?"

నిజమే. పోతే పోనీ అనడానికి నాకు నోరు రాలేదు. కాని దాచడమో యివ్వడమో సొంతదార్లు తేల్చాలి; మన పట్టా తొందర తేల్చరాదు.

వాడు కాసేపు ఆలోచించి, కాగితం మీద ప్రతి పేరుకెదురుగా మూడు గడులు గీశాడు: అనుమతి, రికార్డు, తిరిగి వినిపించడం. మూడోది నిండనిదే మొదటి వ్యాసం పంపనన్నాడు.

పట్టా వొక యేడు ఆలస్యమవుతుందేమో. కానివ్వండి.