ఎవరి తూర్పు?

ఇంగ్లీషే సరిగా రాని మన విద్యార్థులకు ఫ్రెంచి దేనికి అన్న మాట తరచు వినబడుతున్నది. ఫ్రెంచిలోనికి ఇంగ్లీషు వాకిటి గుండానే పోవలెనన్న నియమము ఎవరు పెట్టినారో మాకు తెలియదు. దేశముల పేర్లు, జాతుల పేర్లు, దిక్కులు అన్న తొలి పాఠమునే తీసుకొని మా అభిప్రాయము చెప్పుకొంటాము.

ఫ్రెంచి మనకు మరీ దూరపు చుట్టము కాదు. ధవళేశ్వరము నుండి గౌతమి వెంట దిగువకు పోతే యానాము వస్తుంది. 1954 వరకు అక్కడ ఫ్రెంచి పాలన సాగినది. 1962లో ఆ ఊరు చట్టరీత్యా భారతదేశములో కలిసినది. మన పూర్వులు ఫ్రెంచివారిని పరాసులన్నారు, డచ్చివారిని వలందులన్నారు, పోర్చుగీసువారిని బుడతకీచులన్నారు. మచిలీపట్నములో పరాసుపేట నేటికీ ఉన్నది. పరదేశపు పేర్లను తమ నోటికి అనువుగా మలచుకొన్నవారి మనుమలము, ఒక పదముల పట్టికకు జంకుట ఏమి సబబు?

అసలు చిక్కు లింగముతో వస్తుంది. ఫ్రెంచిలో దేశములకు సైతము స్త్రీ పురుష భేదమున్నది. ఫ్రాన్సు, చైనా, ఇండియా స్త్రీలింగములు. జపాను, కెనడా, కువైటు పుంలింగములు. మనకు ఏ దేశమునకైనా 'లో' చేర్చితే చాలును. వారికి ఇండియాలో అనుటకు 'ఆన్ ఆంద్', కువైటులో అనుటకు 'ఓ కొవెయిత్'. (ఆంద్ అని మొదట విన్నపుడు ఆంధ్ర అనియే మాకు తోచినది!) తెలుగు విద్యార్థి ఇక్కడ తడబడతాడు. ప్రక్కనున్న ఉర్దూ సోదరునికి అంత తడబాటు లేదు. కితాబ్ అచ్ఛీ, ఘర్ అచ్ఛా అని అతడు పసితనము నుండి అంటూనే ఉన్నాడు. రెండు భాషల లింగములు ఒకటి కావు. ఉర్దూలో పుస్తకము స్త్రీలింగము, ఫ్రెంచిలో పుంలింగము. అయినను ప్రాణము లేని వస్తువుకు లింగముండునన్నది అతనికి వింత కాదు. ఈ తోడ్పాటును మనము ఏ తరగతిలోనైనా వాడుకొన్నామా?

జాతుల పేర్లు సులభము. భారతీయుడు, భారతీయురాలు అన్నట్లే వారు ఆందియాఁ, ఆందియెన్ అంటారు.

దిక్కులు నోర్, స్యూద్, ఎస్త్, వెస్త్. ఈశాన్యము, ఆగ్నేయము వంటి వేరు పేర్లు మూలలకు లేవు; ఉర్దూలో జునూబ్ మష్రిఖ్ అన్నట్లు రెండేసి దిక్కులను జోడిస్తారు. మరొక విశేషము: పడమరకు, సాయంసంధ్య నమాజుకు పేరైన మగ్రిబ్ అన్న అరబ్బీ మాటనే ఫ్రెంచివారు మొరాకో, అల్జీరియా, ట్యునీషియాలకు పేరుగా గ్రహించినారు.

ఒక మాట దగ్గర మాత్రము ఆగవలెను. కువైటు, దుబాయి ప్రాంతము ఫ్రెంచిలోనూ 'మధ్య ప్రాచ్యమే'. పారిసులో నిలిచినవానికి అది తూర్పు. గోదావరి గట్టున నిలిచిన మనకు అది పడమర. మన ఇండ్ల నుండి బ్రతుకుతెరువుకై అక్కడికి పోయినవారు పొద్దు క్రుంకే వైపుకే పోయినారు. అయినను మనమూ మధ్య ప్రాచ్యమనీ, మష్రిఖె వుస్తా అనీ ఆ పేరునే వ్రాస్తున్నాము. పరీక్షలో అట్లే వ్రాయవలె, కాదనము. అది ఎవరి తూర్పో తెలిసి వ్రాయుట వేరు. మన జిల్లా మాటే చూడండి: 2022 నుండి నదికి పడమటి గట్టుననున్న కొవ్వూరు కూడ తూర్పు గోదావరిలోనే ఉన్నది.

కళాశాల కమిటీవారికి మా మనవి ఇది. వారమునకు రెండు సాయంకాలములు ఫ్రెంచి తరగతి పెట్టించండి. పదముల పట్టికలో తెలుగు, ఉర్దూ, ఫ్రెంచి వరుసలు ప్రక్కప్రక్కన ఉండవలె. ఇంగ్లీషు ఉన్నా మంచిదే, చివరి వరుసలో. ఉర్దూ విద్యార్థినీ, తెలుగు విద్యార్థినీ జతగా కూర్చోబెట్టవలె. దిక్కుల పాఠము ఆనకట్ట గట్టుననే జరగవచ్చును. దిగువకు తిరిగి నిలబడితే ఎడమన గౌతమి, కుడిన వసిష్ఠ. నల్లబల్ల కూడ అవసరము లేదు.