ఎంట్రోపీ దేవుడి తరఫు సాక్షి కాదు

నేను చదివింది బి.కాం. ఉద్యోగం చేసింది రక్షణ శాఖ పద్దుల విభాగంలో. నీకు ఫిజిక్స్ తో పనేమిటని మీరు అడగవచ్చు. మొన్న ఒక పెళ్ళిలో నా పాత సహోద్యోగి ఒకాయన, "ఎంట్రోపీ ఎప్పుడూ పెరుగుతుందని సైన్సే చెపుతోంది కదండీ. మరి దేవుడు పూనుకోకుండా ఇంత క్రమం ఉన్న జీవం ఎలా వచ్చింది?" అన్నారు. పక్కనున్న కుర్రాళ్ళు తలలూపారు. అందుకే ఇది రాస్తున్నాను.

థెర్మోడైనమిక్స్ మొదటి సూత్రం మా జమాఖర్చుల లాంటిది. శక్తి ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకి మారుతుంది, మొత్తంలో తేడా రాదు. రెండో సూత్రం ప్రకారం, మొత్తం సరిపోయినా అందులో పనికొచ్చే వాటా తగ్గుతూ పోతుంది. ఈ లెక్క కట్టే రాశికి 1865లో క్లాసియస్ ఎంట్రోపీ అని పేరు పెట్టాడు.

దాని వెనకున్న కారణాన్ని 1877లో బోల్ట్జ్‌మన్ లెక్కలో చూపించాడు. 52 పేకముక్కలని అమర్చగల విధాలు ఎన్నో తెలుసా? అది 68 అంకెల సంఖ్య. అందులో మీరు మొదట పేర్చిన వరస ఒక్కటే. కలిపితే వరస చెడేది అందుకే. అణువులూ అంతే. వేడి కాఫీ చల్లారుతుంది గాని, చల్లారిన కాఫీ గదిలోని వేడిని లాక్కుని మళ్ళీ పొగలు కక్కదు. నిన్నకీ రేపటికీ తేడా మనకి తెలిసేది ఇలాంటి వాటివల్లే.

మా మిత్రుడు మరిచింది ఒకటుంది. ఎంట్రోపీ తగ్గదనే నియమం బయటితో లావాదేవీలు లేని వ్యవస్థకే. భూమి అలాంటిది కాదు. సూర్యుడి నుంచి అందుకున్న ఒక్కో ఫోటాన్ కి బదులుగా భూమి సుమారు 20 బలహీనమైన పరారుణ ఫోటాన్లని అంతరిక్షంలోకి వదులుతుంది. వచ్చే శక్తీ పోయే శక్తీ దాదాపు సమానమే, కానీ పోయేదాని ఎంట్రోపీ చాలా ఎక్కువ. ఆ తేడా మీదే చెట్లూ మనమూ బతుకుతున్నాం. ఉప్పుమడిలో నీరు ఇంకిపోయాక చక్కని ఘనాకారపు పలుకులు తేలతాయి. వాటిని ఎవరు చెక్కారు?

జీవం పుట్టడానికి రెండో సూత్రం అడ్డు కాదని మాత్రమే దీని అర్థం. ఎలా పుట్టిందో చెప్పాల్సింది జీవ, రసాయన శాస్త్రాలు.

ఆయన అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. విశ్వం మొదట్లో ఎంట్రోపీ అంత తక్కువగా ఎందుకుంది? దీనికి అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా లేదు. మా ఆఫీసులో లెక్క తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేసి వెతికేవాళ్ళం. దేవుడి పేరున జమకట్టి పుస్తకం మూసేవాళ్ళం కాదు.